వాడపల్లి దగ్గర గోదారి ఒడ్డున మా బండిల్లు కుదురుకున్న రోజు

మా వారు ఇరవై ఎనిమిదేళ్ళు కరెంటు స్తంభాలు ఎక్కారు. గాలివాన వెలిసిన మర్నాడు, నడుముకి తాడు కట్టుకుని, తడి స్తంభం మీద రెండు చేతులూ వదిలేసి తీగలు సరిచేసిన మనిషి. రిటైరైన ఏడాదికే ఆ మనిషికి ఇంట్లో నేల కదలడం మొదలైంది. పొద్దున్న మంచం దిగితే గది గిర్రున తిరిగేది. చెవి లోపలి లోపమని రాజమండ్రిలో డాక్టరుగారు చెప్పి, మందులిచ్చి, తల తిప్పే కసరత్తులు నేర్పారు. ఆరు నెలల తర్వాత, "జబ్బు చాలావరకు పోయిందమ్మా, ఇంక మిగిలింది భయం. దానికి నా దగ్గర మందు లేదు. ఆయన్ని నాలుగు చోట్లకి తిప్పండి" అన్నారు. కానీ మా వారు వీధి గుమ్మం దాటేవారు కాదు. ఇంట్లో కూడా గోడ పట్టుకునే నడిచేవారు. మంచం దగ్గర్నుంచి వంటింటి దాకా సున్నం గోడ మీద ఆయన చేతి ఎత్తున మట్టిరంగు గీత ఒకటి పడిపోయింది. తలెత్తి పైకి చూడ్డం మరీ కష్టం. ఫ్యాను తిరుగుతోందో లేదో కూడా నన్నే అడిగేవారు.

నాకు చేతనైంది నేను చేశాను. వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నాను. వారానికొకసారి వెళ్ళి ఏడు ప్రదక్షిణలు చేయడం అక్కడి ఆచారం. తణుకు నుంచి మొదటి బస్సుకి రావులపాలెం, అక్కడి నుంచి షేర్ ఆటో. ఆరు వారాలు ఒక్కదాన్నే వెళ్ళొచ్చాను. ఏడో వారం ఆయన కూడా నా పక్కన నడవాలని మొదటి రోజే స్వామితో చెప్పుకున్నాను, ఆయనతో మాత్రం చెప్పలేదు. ఆరో వారం తిరిగొచ్చాక చెప్పాను. "బస్సులో నిలబడలేను సీతా. లాడ్జీ మెట్లెక్కలేను. అంత జనంలో పడిపోతే అందరూ తాగి పడిపోయాననుకుంటారు" అన్నారు.

అప్పుడు మా తమ్ముడు శేషు కల్పించుకున్నాడు. వాడిది తణుకులో లారీ బాడీలు కట్టే షెడ్డు. మిగిలిన ఇనుముతో, ప్లైవుడ్డుతో ఖాళీ రోజుల్లో పద్నాలుగు అడుగుల ట్రైలర్ ఒకటి కట్టుకున్నాడు. రెండు చక్రాలు, ఎదురుబదురుగా రెండు బల్లలు, చిన్న గ్యాస్ పొయ్యి, వెనక గోడకి వెడల్పాటి కిటికీ. బొలెరో వెనక తగిలించుకుని లాక్కుపోవచ్చు. మేమంతా దాన్ని బండిల్లు అంటాం. "బావా, మెట్లు లేవు, జనం లేరు. శుక్రవారం పొద్దున్న వెళ్దాం, రాత్రి హాయిగా పడుకో, శనివారం తెల్లారి దర్శనం. నీకు బాగోలేదనిపిస్తే అరగంటలో వెనక్కి తిప్పేస్తాను. సరేనా?" అన్నాడు. ఆ చివరి మాటకే ఆయన ఒప్పుకున్నారని నా నమ్మకం.

మార్గశిర మాసం, శుక్రవారం ఉదయం ఆరున్నరకి బయలుదేరాం. వెనక బండి ఉంటే నలభై దాటకూడదని శేషు నియమం. పెరవలి దాటి సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి ఏడున్నర. వశిష్ఠ మీద మంచు ఇంకా విడలేదు. నీళ్ళెక్కడో, ఆకాశమెక్కడో తెలియలేదు. మధ్యలో ఒక పడవ మాత్రం దేనికీ ఆనకుండా గాల్లో నిలబడ్డట్టు కనిపించింది. నేను చేతులు జోడించాను. మా వారు కళ్ళు మూసుకుని ముందు సీటు గట్టిగా పట్టుకున్నారు. రావులపాలెంలో పెసరట్టు తిని (ముగ్గురికీ నూట ఎనభై అయ్యింది), అక్కడి నుంచి ఆత్రేయపురం వైపు తిరిగి, ఏటిగట్టు మీదుగా మెల్లగా వచ్చాం. వాడపల్లి ఇంకా రెండు మైళ్ళుందనగా గట్టు దిగితే కొబ్బరితోట, తోట దాటితే గోదారి. ఆ తోటవారు కార్తీకం నుంచి మాఘం దాకా మాత్రమే టెంట్లకీ బండ్లకీ చోటిస్తారు. రోజుకి ఐదు వందలు, కుళాయి, కరెంటు పాయింటు కలిపి. మిగతా నెలల్లో ఎందుకివ్వరని అడిగితే, అక్కడ వంట చేసే నూకాలమ్మగారు కొబ్బరిచెట్టు కాండం వైపు చెయ్యెత్తి చూపించింది. బురద చార ఒకటి చెట్టు చుట్టూ వడ్డాణంలా ఉంది.

"మొన్న వరదకి గోదారమ్మ అక్కడి దాకా వచ్చిందండి. మీరు నిలబడ్డ చోట పడవలు నడిచాయి."

ఆ చార నా తల మీద ఇంకో మనిషంత ఎత్తున ఉంది. మా వారు తలెత్తలేదు. "ఎంత ఎత్తుంటుందే?" అని నన్నడిగారు.

నూకాలమ్మగారికి అరవై ఉంటాయి. చేపలు పట్టే కుటుంబం. గోచీ బిగించి చీర కట్టి, చెప్పులు లేకుండా నడిచే మనిషి. బండి పెట్టుకోడానికి ఒక చోటు చూపించింది. గట్టు వైపు నుంచి నదికి తిన్నగా దిగే వెడల్పాటి దారి అది, ఏళ్ళ తరబడి పడవలు లాగి లాగి సిమెంటులా గట్టిపడింది. అంతా బాగానే ఉంది, అలా పెడితే మాత్రం బండిల్లు తలుపు దక్షిణానికి వస్తుంది.

ఇక్కడే నేను తప్పు చేశాను. "దక్షిణ వాకిలా? రేపు దర్శనం పెట్టుకుని ఆ గుమ్మంలోంచి వెళ్ళమంటారా?" అన్నాను. ఎదురుగా తూర్పున గోదారి, దాని మీద సూర్యోదయం. అటు తలుపు పెట్టుకోకుండా ఎలా అనిపించింది. నూకాలమ్మగారు నన్నొకసారి చూసి, "ఆ పక్క ఒండ్రు నేలండి, పైకి గట్టిగానే కనిపిస్తుంది" అని మాత్రం అంది. శేషు ఎప్పుడూ నా మాట కాదనడు. బండిని అడ్డంగా తిప్పి, తలుపు తూర్పుకి వచ్చేలా పెట్టాడు. చక్రాలకి రాళ్ళు అడ్డం వేశాడు, బొలెరో విప్పేశాడు, నాలుగు మూలలా ఉండే జాకీల కింద ఇటికలు పెట్టి దించాడు. నది వైపు పల్లంగా ఉంది కదా అని, ఆ పక్క రెండు జాకీలూ బాగా బిగించి బండిని పైకి లేపాడు. అంతా అయ్యేసరికి పదిన్నర. నేను బండిల్లు మధ్యలో పళ్ళెం పెట్టి, దాని మీద మా ఐదు మూతుల ఇత్తడి కుంది పెట్టి, నువ్వుల నూనె పోశాను. వత్తులు వేయబోతుంటే నూనె తూర్పు మూతిలోంచి బొట్టుబొట్టుగా కారుతోంది. నిండుగా పోసేశాననుకున్నాను. కొంగుతో తుడిచాను.

అప్పుడే మా వారు మెట్టు మీద కాలు పెట్టారు. ఆయన బరువుకి బండిల్లు ఆ పక్కకి ఒరిగి, మళ్ళీ ఇటు ఊగింది. ఎంతో కాదు, నాలుగు వేళ్ళంత. ఆయన తలుపు చట్రం పట్టుకుని మొహం తెల్లగా పాలిపోయి, అలాగే కిందికి జారి మట్టిలో కూర్చుండిపోయారు. తలుపేద్దామని శేషు లాగితే తలుపు మూసుకోలేదు. వంగి చూస్తే నది వైపు ఇటికలు రెండూ నేలలో సగం దిగిపోయి ఉన్నాయి. పైన ఎండి అప్పడంలా పగిలిన ఒండ్రు, కింద మెత్తటి తడి ఇసక.

"సీతా, వెళ్ళిపోదాం" అన్నారు ఆయన. కళ్ళు తెరవలేదు. "ఏడాది పాటు గదిలో నేల కదిలింది. ఇక్కడికొస్తే బండే కదులుతోంది. నా వల్ల కాదే."

శేషు నా వైపు చూశాడు. అరగంటలో తిప్పేస్తానని మాటిచ్చాడు కదా. ఆరు వారాలు తిరిగిన తిరుగుడంతా నేను పట్టుబట్టిన ఒక దిక్కు కోసం మట్టిలో కలిసిపోతోందని తెలిసింది. ఆయన పక్కనే మట్టిలో కూర్చున్నాను. "నాదే తప్పండి. తూర్పు తూర్పు అని నేనే" అన్నాను.

పొయ్యి దగ్గర్నుంచి నూకాలమ్మగారు గరిటె చేత్తోనే వచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏంటి బాబూ, జాకీలతో బండినే ఎత్తేశావా? మంచం కోళ్ళు నాలుగూ నాలుగు రకాలుగా ఎగదోస్తే నవారు మెలిపడదేంటి? తలుపెలా పడుతుంది?"

"లారీ బాడీలు కట్టేవాణ్ణండి నేను" అన్నాడు శేషు, రోషంగా.

"ఆయ్, కట్టు బాబూ, ఎవరొద్దన్నారు. లారీ రోడ్డు మీద ఉంటుంది. ఇది గోదారి మీద ఉంది. నీళ్ళు లేని నెలల్లో కూడా ఇది గోదారే."

తర్వాత నా వైపు తిరిగి, మెత్తగా అంది: "అమ్మా, మీ దేవుడి దిక్కు నేను మార్చను. దీపం లోపల తూర్పుకే పెట్టుకోండి. తలుపు మాత్రం నేల చెప్పిన వైపే పెట్టాలి. పడవని ఒడ్డుకి లాగి తారు పూసేటప్పుడు మేం చేసేది అదే. ముందు అది కూర్చోవాలి, తర్వాతే మనం కూర్చోవాలి."

నేను తలూపాను. మా వారి వైపు చూసి, "గంట ఆగుతారా? కుదరకపోతే నేనే వెళ్దామంటాను" అన్నాను. ఆయన గంటే అన్నారు.

శేషు బొలెరో తగిలించి బండిని ఆ గట్టి దారి మీదకి లాగాడు. చక్రాలు రెండూ గట్టి నేల మీద సమంగా నిలిచాయి. ఈసారి చక్రాలకి ముందూ వెనకా రాళ్ళు బిగించాకే బొలెరో విప్పాడు. నది వైపు వెనక భాగం కొంచెం వాలి ఉంటే, ముందు ముక్కు దగ్గరున్న చిన్న చక్రం జాకీని మెల్లగా దించుతూ సరిచేశాడు. వెనక రెండు జాకీలు వచ్చే చోట మాత్రం నేల మళ్ళీ మెత్తనే. నూకాలమ్మగారు పారతో అక్కడ రెండు జానెడు గుంటలు తీయించి, బిందెతో నీళ్ళు తెమ్మంది. నీళ్ళు పోయగానే ఇసక గుటకలేసినట్టు తాగేసింది. రెండో బిందె. మూడో బిందె కాసేపు నిలిచింది.

శేషు తెచ్చి వేసిన కుర్చీలో కూర్చున్న మా వారు కళ్ళు తెరిచారు. "ఇంకా పోయాలి" అన్నారు. "స్తంభం పాతినప్పుడు మేమూ ఇలాగే పోసేవాళ్ళం. పైనున్న ఇసక రేణువులన్నీ కిందికి సర్దుకుంటాయి. నీళ్ళు ఇంకాక తొక్కాలి."

"తొక్కేవాళ్ళు కావాలి బాబూ" అంది నూకాలమ్మగారు. "మీ బావమరిది కట్టెపుల్ల, అమ్మగారు పిచ్చుక. బరువైన మనిషివి నువ్వొక్కడివే. లే."

"నేను పడిపోతానమ్మా."

"పడితే ఇసకలోనే కదా. ఆడవాళ్ళం రోజుకి పదిసార్లు పడతాం ఇక్కడ." పడవ తోసే వెదురు గెడ ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇది పట్టుకో. గోడ అనుకో."

నేను గోడ మీది గీత సంగతి ఆవిడకి చెప్పలేదు. ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు.

ఆయన లేచారు. గెడ రెండు చేతులతో పట్టుకుని, గుంటలో కాలు పెట్టి, మడమతో తొక్కడం మొదలుపెట్టారు. మొదట నాలుగు అడుగులకి ఒకసారి ఆగారు. "ఇటు మెత్తగా ఉంది, ఇంకో చెంబు పొయ్యవే" అన్నారు. పోశాను. "శేషూ, ఆ మూల చూడు, అక్కడ దిగుతోంది." కాసేపటికి గెడ ఒంటి చేతిలోకి వచ్చింది. రెండో గుంటలోకి వెళ్ళేటప్పుడు గెడని బండికి ఆనించి, మధ్యలో ఉన్న ఆరడుగుల చోటు ఏమీ పట్టుకోకుండా దాటేశారు. దాటిన సంగతి ఆయనకి తెలియదు. నాకూ శేషుకీ తెలుసు. నేను బిందె నిండుగా ఉన్నా మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాను.

తొక్కిన నేల మీద నూకాలమ్మగారు తాటిదూలం ముక్కలు రెండు పరిచింది. పడవల కింద పెట్టేవే అవి, తారుతో నల్లగా ఉన్నాయి. వాటికి వేలితో చిటికెడు పసుపు రాసి, నదివైపు ఒక్కసారి తలవంచింది. అప్పుడే శేషు జాకీలు దించాడు. ఈసారి ఎత్తడానికి కాదు, చెక్కని గట్టిగా ఆనుకునేంత వరకే. ఆవిడ మమ్మల్నందర్నీ లోపలికెక్కించి అటూ ఇటూ నడిపించి, దింపి, మళ్ళీ జాకీలు ఒక్కొక్క చుట్టు బిగించమంది. గంట తర్వాత ఇంకోసారి చూసుకోమంది. తలుపు వేలితో తోస్తే మూసుకుంది.

కుందిలో మళ్ళీ నూనె పోశాను. ఈసారి ఎక్కడా కారలేదు. నూనె ఐదు మూతులకీ సమంగా వచ్చి, ఒక్కొక్క అంచుకి వెంట్రుకవాసిలో ఆగింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండిపోయాను. రెండు నిలువుల లోతు నీళ్ళు పారిన నేల, నలుగురు మనుషుల బరువు, పద్నాలుగు అడుగుల ఇనుము, వాటి మీద ఒక చెంచాడు నూనె తొణక్కుండా ఉంది. అంత పెద్ద నది తన ఒడ్డున మమ్మల్ని ఒక చిన్న పాత్రలో ఎత్తి పట్టుకున్నట్టు అనిపించింది. శేషు గ్యాస్ కట్టేసి కిటికీ తెరిచాకే వెలిగించనిస్తానన్నాడు. కిటికీ తెరిస్తే అది తూర్పే. నేను కావాలన్న గోదారి అంతా కిటికీలో ఉంది.

మధ్యాహ్నం నూకాలమ్మగారు మిగతా టెంట్లవాళ్ళకి చేపల పులుసు వండింది. మాకు వేరే గిన్నెలో కంద బచ్చలి, పప్పుచారు పెట్టింది. మనిషికి నూట ఇరవై. మా వారు రెండోసారి కంద బచ్చలి అడిగి వేయించుకున్నారు. రాత్రి ఆయన గాఢంగా నిద్రపోయారు. అప్పుడప్పుడు బండి కదులుతుందేమోనని మెలకువతో ఉన్నది నేనే. కదల్లేదు.

శనివారం ఆరున్నరకి ఆయనే నన్ను లేపారు. కిటికీ నిండా ఎర్రటి వెలుగు. మంచు విడుతూ ఉంటే సూర్యుడు నీళ్ళలోంచి వచ్చాడో, నీళ్ళే సూర్యుడిలోంచి వచ్చాయో చెప్పలేను. ఏడు గంటలకి ఆటో మాట్లాడుకుని వంద రూపాయలకి గుడికి వెళ్ళాం. అప్పటికే జనం. మొదటి మూడు ప్రదక్షిణలూ ఆయన నా భుజం పట్టుకునే నడిచారు. నాలుగో దాంట్లో ఒక పెద్ద గుంపు మా మధ్యలోకి వచ్చింది. భుజం మీద చెయ్యి పోయింది. వెనక్కి తిరుగుదామంటే జనం తోసుకొస్తున్నారు. గోవిందా గోవిందా అంటున్నానే గానీ నా గొంతు నాకే వినపడలేదు. పడిపోయారేమో, ఎవరైనా తొక్కేశారేమో. చుట్టూ తిరిగి ముందుకొచ్చేసరికి, ధ్వజస్తంభం పక్కన ఆయన నిలబడి ఉన్నారు. దేన్నీ పట్టుకోలేదు. రెండు చేతులూ వెనక కట్టుకుని, తల పూర్తిగా వెనక్కి వాల్చి, స్తంభం చిట్టచివర దాకా చూస్తున్నారు.

"ముప్పై అడుగులకి తక్కువ ఉండదే" అన్నారు, నా వైపు చూడకుండానే.

మిగిలిన మూడు ప్రదక్షిణలూ పక్కపక్కనే నడిచాం. నేను స్వామిని ఇంకేమీ అడగలేదు.

మేము ఆదివారం మధ్యాహ్నం తిరిగొచ్చాం. ఆయనకి పూర్తిగా నయమైపోయిందని రాయలేను. ఇంటికొచ్చాక హాలు గోడకి సున్నం వేయించాను. మంచం నుంచి వంటింటి దాకా ఇప్పుడు తెల్లగానే ఉంది. బాత్రూం పక్కన మూరెడు మేర మాత్రం గీత మళ్ళీ పడుతోంది, పడనీ అనుకున్నాను. ఇన్నాళ్ళూ నిలకడ అంటే కదలని చోటు వెతుక్కోవడం అనుకునేదాన్ని. నూకాలమ్మగారిలాంటి వాళ్ళు ఏటా కదిలిపోయే నేల మీద బతుకుతూ, నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కి, నమస్కారం పెట్టి, నాలుగు నెలలకి సరిపడా నిలకడని తామే తయారుచేసుకుంటారు. ఆషాఢంలో గోదారి దాన్ని తీసుకుపోతుంది. కార్తీకంలో మళ్ళీ మొదలుపెడతారు. ఆ ఓర్పు తలుచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు వాటంతటవే దణ్ణానికి కలుస్తాయి.

ఇలా బండి వేసుకుని వెళ్ళాలనుకునేవారికి ఒక్క మాట. ఏ దిక్కుకి పెట్టాలో తేల్చుకునే ముందు మడమతో నేల తొక్కి చూడండి, పెట్టాక పళ్ళెంలో చిన్న గిన్నెడు నూనె గానీ నీళ్ళు గానీ పోసి అంచులు చూడండి, మూల జాకీలతో బండిని ఎత్తకండి, గంట గడిచాక మళ్ళీ ఒకసారి బిగించండి. ఇదంతా చదివి వినిపిస్తే మా వారు, "తొక్కే మనిషి బరువుగా ఉండాలని రాశావా?" అన్నారు. రాశానండి.